తేరిన నీళ్ళు

కొళాయి మళ్ళీ దగ్గింది. మొదట బుడబుడమని గాలి, ఆ వెనుక దారప్పోగంత ధార, ఆ తరువాత అదీ లేదు. డాక్టరు రామకృష్ణయ్యగారు మోచేతుల దాకా సబ్బు నురగతో, చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని, వ్యానులో అలాగే నిలబడిపోయారు.

"ఈరన్నా!"

"వస్తాండా సార్, వస్తాండా!"

వస్తున్నానన్నాడే గాని ఈరన్న వచ్చే స్థితిలో లేడు. వ్యాను కింద వెల్లకిలా పడుకుని ఒక చేత్తో పంపు పట్టుకుని, ఇంకో చేత్తో దాని మరలు బిగిస్తున్నాడు. పంపు మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతోంది. తిరగడానికేం రోగం, తిరుగుతుంది. నీళ్ళే రావు. "తిరుగు, తిరుగు. తేరగా బ్యాటరీ దొరికింది గదా నీకు" అని దాన్ని తిట్టి, నోట్లో పడ్డ మట్టిని ఉమ్మేశాడు.

అది కంటి ఆసుపత్రి వ్యాను. ఎవరో విదేశాలవాళ్ళు దానం చేశారు. లోపల ఆపరేషను బల్ల, పెద్ద దీపం, గోడకు కొళాయి. పొట్ట కింద రేకు ట్యాంకు. ఆ రెంటికీ మధ్య బ్యాటరీతో నడిచే పిడికెడంత పంపు. డ్రైవరు సీటు దగ్గర స్విచ్చి వేస్తే చాలు, బండిలోనే కొళాయి! ఈరన్న ఈ కొళాయిని చూపించి ఊరూరా గొప్పలు చెప్పుకున్నాడు. వజ్రకరూరు దాటి బోడిమల్లెపల్లెకు వచ్చేసరికి ఆ గొప్పంతా ఇలా మట్టిలో పొర్లుతోంది.

పోనీ చెంబుతో పోయించుకుని చేతులు కడుక్కుంటే ఏం పోయిందనొచ్చు. పోయినేడు ఒక ఊళ్ళో అలాగే కడుక్కుని కోస్తే ఒకాయన కన్ను చీము పట్టి పోయింది. అప్పటినుంచి డాక్టరుగారికి చెంబు మీదా, చెంబు పట్టిన చేతి మీదా నమ్మకం పోయింది. మందు కలిపిన నీళ్ళు, ఎవరి చెయ్యీ తగలకుండా, నురగ కొట్టుకుపోయేంత ధారగా రావాలి. రాకపోతే కత్తి పట్టరు. ఆ విషయంలో ఆయన్ను బ్రహ్మదేవుడు కూడా కదిలించలేడు.

"ఇవాళ్టికి ఇంతే. మిగిలినవాళ్ళను రేపు చూద్దాం" అని డాక్టరుగారు తువాలుతో నురగ తుడుచుకున్నారు.

బడి వసారాలో కూర్చున్నవాళ్ళు ఉసూరుమన్నారు. అందరికంటే ముందు, స్తంభానికి ఆనుకుని, ఓబమ్మ కూర్చుంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి పాలబొట్లలా తెల్లగా ఉన్నాయి. వ్యాను ఊళ్ళోకి వచ్చిన రోజున మొట్టమొదట వచ్చి కూర్చున్నది ఆమే. ఇంకా అక్కడే ఉంది. ఆమె ముందునుంచి వ్యానులోకి హనుమంతప్ప తల్లి పోయింది, అత్త పోయింది, గుంతకల్లు నుంచి బండి కట్టుకుని వచ్చిన వియ్యపురాలు పోయింది. ఊళ్ళో నీళ్ళున్న బావి హనుమంతప్పది ఒక్కటే. నీళ్ళిచ్చేవాడి చుట్టాలు ముందు. అదెవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది.

"ఏమైందే?" అని ఓబమ్మ తన కోడలు సుంకమ్మను అడిగింది.

"ఏముండాది, మల్లా రేపంట."

ఈరన్న వ్యాను కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. వీపంతా ఎర్రమట్టి. ఎవరి మీద విరుచుకుపడదామా అని చూశాడు. నెత్తిన ఖాళీ కడవతో సుంకమ్మ కనపడింది.

"ఏం నీళ్ళు పోస్తాండారమ్మా మీరు? బురద పోస్తాండారా, నీళ్ళు పోస్తాండారా?"

"ఏమన్నా, నోరుండాది గదా అని అంటాండావా?" సుంకమ్మ కడవ కింద పెట్టింది. "మొదటిరోజు మా అత్త కడవల్లో చిల్లగింజ కలిపి, తేరినాక పోసినాము. నీ కొళాయి బాగ దుంకె. అంతసేపు కాసుకోలేను, బాయినుంచి నేరుగా పోయండి, గుడ్డ కట్టి వడగడతా అన్నదెవరు? మా ఇంట్లో తాగేకి చుక్క పెట్టుకోకుండా నీ బండికి మోస్తాండాము. మోసేదీ మేమే, తిట్లూ మాకేనా?"

ఆమె చెప్పింది నిజమే. నేరుగా పోయమన్నది ఈరన్నే. ఓబమ్మ పెరట్లో కడవలు బారుగా పెట్టి, ఆమె తడుముకుంటూ ఒక్కొక్కదాంట్లో నీళ్ళను తేటచేసే చిల్లగింజను అరగదీసి, ఆ గంధం కలిపి, అవి తేరుకునేదాకా కూర్చుంటే ఇక ట్యాంకు నిండినట్టే! అయినా సన్నటి మట్టి పంపులోనుంచి పోతుంది, అడ్డం పడదు. రోగం ఇంకెక్కడో ఉంది. ఈరన్న ఆ మాట సుంకమ్మతో అనబోయి, ఆమె కడవ ఎత్తుకున్న తీరు చూసి ఊరుకున్నాడు.

మరునాడు తెల్లవారకముందే మొదలుపెట్టాడు. పంపు ఎక్కడో గాలి పీలుస్తోందని అనుమానం. పైపు అతుకులన్నీ విప్పి, నార చుట్టి, సఫేదా పూసి బిగించాడు. స్విచ్చి వేశాడు. కొళాయి దగ్గింది. తోలు వాషరు ఎండిపోయిందేమోనని తీసి, సుంకమ్మ దగ్గర ఆముదం అడిగి నానబెట్టి, మెత్తబడ్డాక వేశాడు. కొళాయి దగ్గింది. బ్యాటరీ నీరసించిందేమోనని దాని మొలలు గీకి, ఇంజను ఆడించి, పెట్రోలు పొగతో వసారాలో ఉన్న కళ్ళులేని వాళ్ళందరినీ దగ్గించాడు. వాళ్ళతోపాటు కొళాయీ దగ్గింది.

పంపు మూతి దగ్గరున్న జల్లెడ తీసి చూశాడు. అద్దంలా ఉంది. ఇక మిగిలింది ట్యాంకు. ట్యాంకు దించి చూడాలంటే అందులో నీళ్ళు పారబోయాలి. నీళ్ళు పారబోసేవాడు ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఈరన్నదీ కళ్యాణదుర్గం పక్కన పల్లే. చేతులు కడిగిన నీళ్ళు కూడా నేలపాలు కాకుండా వ్యాను పక్కన గంగాళం పెట్టి, అంట్లు తోమేవాళ్ళకు ఇచ్చేవాడు.

అసలు ఆ ట్యాంకుకు తను చేసిన బాగు తలచుకుంటే ఈరన్నకు ఇప్పటికీ మీసం మీదికి చెయ్యి పోతుంది. కంపెనీవాడు పీల్చే పైపు మూతిని ట్యాంకు అడుగుకు జానెడు పైన వదిలేశాడు. ఆ జానెడు నీళ్ళూ ఎన్నటికీ కొళాయిలోకి రావు. జానెడు నీళ్ళు! ఉరవకొండలో ఈరన్న ఒక రబ్బరు గొట్టం తెచ్చి, ఆ మూతికి తొడిగి, చివర చిన్న జల్లెడ కట్టి అడుక్కు ఆనించాడు. ఆఖరి చుక్క దాకా వచ్చేసింది. దొరలకేం తెలుసు కరువు సంగతి అనుకున్నాడు.

మధ్యాహ్నానికి హనుమంతప్ప బీడీ కాలుస్తూ వచ్చాడు. బడి అరుగు మీద తన కోసం వేసిన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమప్పా డ్రైవరు, మా ఎద్దుల బండికి పంపు లేదు గాని ఏనాడూ నిలబడలేదు."

"నీ ఎద్దుల బండిలో కండ్లు కోయరు గదన్నా" అన్నాడు ఈరన్న. తలమీద నూనె, చేతులమీద నూనె, మనసులో మంట.

డాక్టరుగారు వ్యాను మెట్టు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. "హనుమంతప్పగారూ, రేపు ఒక్కరోజే ఉంది. ఆ తరువాత కొత్తగా ఎవరికీ కొయ్యను. కోసినవాళ్ళ కట్లు విప్పి వెళ్ళిపోవాలి. రేపైనా ఇది పనిచేస్తే ఒకరికో ఇద్దరికో చెయ్యగలను."

"అయితే మా పెదనాయనకు చేయండి. పాపం నిన్న దిగినాడు."

"ఓబమ్మ ముందునుంచీ ఉంది కదా? ఆమె శుక్లాలు బాగా ముదిరాయి. వచ్చే ఏడాది దాకా ఆగితే లోపలే పగలొచ్చు. అప్పుడిక ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"అది ఊర్లోదే గదా సామీ, యాడికి పోతాది? మీరు మల్లా వచ్చినప్పుడు చూస్తాంలే."

ఓబమ్మ అక్కడే ఉంది. మాట దూరంలో కాదు, చెయ్యి దూరంలో. కళ్ళు కనపడనివాళ్ళకు చెవులు కూడా ఉండవనుకుంటారు కాబోలు జనం. ఆమె ఒళ్ళో పెట్టుకున్న ఎండు సొరబుర్రను తడిమింది. అందులో చిల్లగింజలు గలగలమన్నాయి. ఆ ఊళ్ళో ఎవరింట్లో నీళ్ళు తేర్చాలన్నా ఆ బుర్రే రావాలి. నీళ్ళు మోయలేకపోయినా నీళ్ళ పని ఆమెదే.

డాక్టరుగారు ఇంకేదో అనబోయి ఆపేశారు. బావి హనుమంతప్పది. ఆయన చెయ్యి అడ్డం పెడితే రేపటి ట్యాంకే లేదు. ఈరన్నకు ఒళ్ళు మండింది. కానీ అంతకుముందే మండుతున్న ఒళ్ళు కావడంతో, ఈ మంట దేనిదో తేల్చుకోలేక, పానా తీసుకుని మళ్ళీ వ్యాను కిందికి దూరాడు.

సాయంత్రం ఆడవాళ్ళు ట్యాంకు నింపి పోయారు. హనుమంతప్ప ఇంట్లో ఈరన్నకు సంగటి పెట్టారు. రెండు ముద్దలు మింగేసరికి "ఏమన్నా, కొళాయి వచ్చెనా?" అని ఇంటావిడ అడిగింది. మూడోది వదిలేసి చెయ్యి కడుక్కుని, విసురుగా వ్యాను దగ్గరికి వచ్చాడు.

ట్యాంకు పక్కన ఎవరో వంగి ఉన్నారు. పళ్ళెమంత మూత తీసి నేలమీద పెట్టి ఉంది. ఓబమ్మ సానరాయి మీది గంధాన్ని చెంబులో కలిపి, ట్యాంకులో పోసి, పొడుగాటి పుల్లతో నిదానంగా తిప్పుతోంది.

"ఓయ్!" ఈరన్న అరుపుకు చెట్టుమీద కాకులు లేచాయి. "ఏం పోస్తాండావే దాంట్లో?"

ఓబమ్మ ఉలిక్కిపడలేదు. పుల్ల తియ్యలేదు. "చిల్లగింజప్పా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు నేరుగా పోయించుకుంటాండావే, ఆ పొద్దునుంచి. నువ్వు సంగటికి పోయినప్పుడు వచ్చి పోస్తాండా."

"నా పంపు చావగొట్టింది నువ్వా! నేను వ్యాను కింద పడి పొర్లాడతాంటే, నువ్వు నా ట్యాంకులో ఏదేదో కలిపి... నీకు బుద్ధుండాదా అవ్వా? నీ కండ్లకోసమే గదా ఈ తంటా అంతా! నీ కొంపకు నువ్వే నిప్పు పెట్టుకుంటివి గదే!"

"అరవొద్దప్పా, నాకు కండ్లు లేవు గాని చెవులుండాయి." ఆమె పుల్ల తీసి కొంగుతో తుడిచింది. "బాయినుంచి నేరుగా తెచ్చిన మడ్డినీళ్ళు. దాంతో డాక్టరయ్య చేతులు కడుక్కుని ఆ చేతులు నా కంట్లో పెట్టాల. బాగున్న నీళ్ళతో కడుక్కోనీ అని పోస్తి. తప్పా?"

"తప్పే! బురదంతా అడుక్కు దిగి గడ్డ కట్టింటాది!"

"దిగల్ల గదా. దిగేకే గదా వేసేది." ఓబమ్మకు కూడా విసుగొచ్చింది. "కడవలో అడుగు నీళ్ళు ఎవడన్నా తాగుతాడా? పైన తేరినవి ముంచుకుని, అడుగువి గొడ్లకో చెట్టుకో పోస్తారు. ఏ ఊరప్పా నీది, ఆ మాత్రం తెలీదా?"

ఈరన్న "పో, పోయి పడుకో" అని మాత్రం అన్నాడు. ఆమె పుల్ల పొడుచుకుంటూ పోయింది.

తెల్లారగానే చొక్కా విప్పి ట్యాంకులో చెయ్యి పెట్టాడు. నీళ్ళు చల్లగా, తేటగా ఉన్నాయి. మణికట్టు, మోచెయ్యి, భుజం దాకా తేటే. వేళ్ళ కొసలకు మాత్రం ఏదో మెత్తగా, పెరుగుగడ్డలా తగిలింది. తడిమాడు. తను ఉరవకొండలో తొడిగిన రబ్బరు గొట్టం మూతి ఆ బురదలో పూర్తిగా కూరుకుపోయి ఉంది. పైకి లాగితే దాని జల్లెడ నిండా ఎర్రమన్ను, కుండలు చేసుకునేంత చిక్కగా. పైన కడవలకొద్దీ మంచినీళ్ళు పెట్టుకుని పంపు ఇన్నాళ్ళూ ఆ బురదను పీల్చలేక గుక్కపట్టింది.

కంపెనీవాడు జానెడు పైన ఎందుకు పెట్టాడో అప్పుడర్థమైంది. వాడికెవడికో తెలిసిన సంగతి, ఓబమ్మకు తెలిసిన సంగతి, ఆ మాటకొస్తే ఈరన్న అమ్మకూ అవ్వకూ తెలిసిన సంగతి. వాళ్ళింట్లో కూడా కడవ అడుగు నీళ్ళు మిరపచెట్టుకే పోసేవాళ్ళు. జానెడు నీళ్ళకు ఆశపడి ట్యాంకంతా పోగొట్టుకున్నాడు. "థూ నీ బతుకు!" అని తనను తానే తిట్టుకున్నాడు. ఇన్నిరోజుల తిట్లలో సరైన చోట తగిలింది అదొక్కటే.

గొట్టం ఊడబీకేద్దామనుకున్నాడు. అప్పటికే అడుగున బురద జానెడుకు తక్కువ లేదు. మూతి పాతచోటే ఉన్నా దాన్నే పీలుస్తుంది. పైన కట్టేద్దామంటే నీళ్ళు తగ్గేకొద్దీ మూతి గాలిలో వేలాడుతుంది. నీళ్ళతోపాటు మూతీ దిగాలి. తేలేదేదైనా కావాలి.

వసారాకు పోయాడు. ఓబమ్మ స్తంభానికి ఆనుకుని అప్పుడే కూర్చుంటోంది.

"అవ్వా, నీ బుర్ర ఇస్తావా?"

"యాల?"

"ఇయ్యి అంటే ఇయ్యి. ప్రతిదానికీ యాల అంటావు!"

ఆమె గింజలను ఒళ్ళో ఒంపుకుని బుర్ర చేతికిచ్చింది. ఈరన్న దాని మూతికి కర్రబెండు బిగించి, పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టాడు. జల్లెడ కడిగాడు. గొట్టం మూతిని బుర్ర నడుముకు, బెత్తెడు కిందికి వేలాడేలా కట్టి, ట్యాంకులోకి వదిలాడు. బుర్ర ఈతకొట్టే పిల్లాడిలా ఊగుతూ తేలింది. స్విచ్చి వేశాడు.

కొళాయి దగ్గలేదు. ధార వచ్చి కింది తొట్టికి కొట్టుకుని, చూడ్డానికి వచ్చి వంగిన ఈరన్న మొహం మీదికి చిమ్మింది. వెంటనే పోయి స్విచ్చి ఆపేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, మొహం మీది నీళ్ళను చేత్తో తుడిచి మెడకు రాసుకున్నాడు.

డాక్టరుగారు తయారై వచ్చేసరికి వసారా ముందు ఊరు ఊరే పోగైంది. హనుమంతప్ప తన పెదనాయనకు చలవ పంచె కట్టించి వ్యాను మెట్ల దగ్గర నిలబెట్టాడు. ఓబమ్మ స్తంభం దగ్గరే ఉంది. ఎవరూ పిలవలేదు కాబట్టి లేవలేదు.

"స్విచ్చి వెయ్యి ఈరన్నా" అన్నారు డాక్టరుగారు సబ్బు రుద్దుకుంటూ.

ఈరన్న డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. చెయ్యి స్విచ్చి మీద ఉంది. వెయ్యలేదు.

"ఎవరికి సార్ మొదట?"

"ఏం, నీకెందుకు?"

"ఓబమ్మకైతే వేస్తా సార్."

లోపల సబ్బు రుద్దుకునే చప్పుడు ఆగింది. "నువ్వు డ్రైవరువా, డాక్టరువా?"

"డ్రైవర్నే సార్. అందుకే స్విచ్చి నా దగ్గరుండాది." ఉద్యోగం గుర్తొచ్చింది. అయినా చెయ్యి కదలలేదు. "ఈ బండి రాకముందునుంచి కూర్చున్నట్టు కూర్చోనుండాది సార్ ఆ ముసలామె. ఈపొద్దు కోయకుంటే ఇంక కోసేది లేదని మీరే చెప్తిరి."

"ఏమప్పా, తాగినావా?" హనుమంతప్ప మీదికొచ్చాడు. "ఆ ముసలిదే ట్యాంకులో ఏందో కలిపి పంపు చెడగొట్టిందని మా ఇంట్లోవాళ్ళు రాత్రి నీ అరుపులు విని చెప్తాండారు. దానికి ముందా? ఎవరి బాయి నీళ్ళనుకుంటాండావు అవి?"

"కలపమన్నది నేనే" అన్నాడు ఈరన్న. అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికే తెలియదు. "పంపు చెడింది పైపు నేను అడుక్కు దించినందుకు సార్. తప్పు నాది. ఆమెది కాదు." సీట్లోంచి దిగి, సుంకమ్మ అప్పుడే తెచ్చిన కడవలో ఒక గాజుగ్లాసు ముంచాడు. ఇంకో గ్లాసు ట్యాంకులో ముంచాడు. రెండూ వ్యాను మెట్టు మీద పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో నీళ్ళు జావలా ఎర్రగా ఉన్నాయి. ఇంకోదాని వెనకనుంచి మెట్టు మీది మేకు తల కనపడుతోంది.

"ఇది నీ బాయన్నా. ఇది ఓబమ్మ."

హనుమంతప్ప పెదనాయన వంగి రెండు గ్లాసుల వైపూ చూశాడు. ముసలాయనకు కనపడిందో లేదో గాని, "ఆయమ్మనే పోనీరా. నాకు ఒక కన్ను ఇంకా మసకమసకన్నా ఉండాది" అని పక్కకు జరిగాడు.

డాక్టరుగారు చేతులు పైకెత్తుకునే తలుపు దగ్గరికి వచ్చి చూశారు. "ఓబమ్మను తీసుకురండి" అన్నారు. "ఈరన్నా, నీతో తరువాత మాట్లాడతాను. ముందు స్విచ్చి వెయ్యి, నురగ ఎండిపోతోంది."

ఈరన్న స్విచ్చి వేశాడు. ఆ రోజు కొళాయి మధ్యాహ్నందాకా ఆగకుండా వచ్చింది. ఓబమ్మ తరువాత పెదనాయనకూ నీళ్ళు సరిపోయాయి.

తరువాత మాట్లాడతానన్న డాక్టరుగారు మాట్లాడనే లేదు. ఓబమ్మ కట్టు విప్పే పొద్దున మాత్రం "నువ్వూ రా" అన్నారు. ఈరన్న చేతులు తుడుచుకుని పోయి వసారాలో ఒక పక్కన నిలబడ్డాడు. డాక్టరుగారు కట్టు విప్పి, దూది తీసి, దళసరి అద్దమొకటి ఆమె కంటి ముందు పట్టుకున్నారు. ఓబమ్మ రెప్పలు టపటపలాడించింది. కోడలి మొహాన్ని చూసింది. "ఎంత చిక్కిపోతివే" అంది. సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆమె చూపు ఈరన్న దాకా వచ్చింది.

"నువ్వేనా అరిచేటోడివి? అరుపు చూసి ఇంకా పెద్దోడివనుకొంటి."

అందరూ నవ్వారు. ఈరన్నకు కోపం వచ్చినట్టే వచ్చి ఎటో పోయింది.

"దప్పికైతాండాది, రోన్ని నీళ్ళియ్యప్పా."

ట్యాంకులోవి మందు కలిపిన నీళ్ళు. ఈరన్న ఆమె పెరట్లోకే పోయి, ఆమె చేత్తో తేర్చిపెట్టిన కడవలోనుంచి గాజుగ్లాసు నిండా ముంచి తెచ్చి చేతిలో పెట్టాడు. ఓబమ్మ గ్లాసును అద్దం ముందుకు ఎత్తుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆమె మొహం మెల్లగా వాడిపోయింది.

"ఖాళీ గ్లాసు తెచ్చినావేమప్పా?"

డాక్టరుగారి చేతిలో అద్దం కదిలింది. ఆయన ఈరన్న వైపు చూశారు.

"ఖాళీ యాడుండాదవ్వా!" ఈరన్న గొంతు మళ్ళీ లేచింది. "నిండా ఉండాయి! అంచుదాకా ఉండాయి! పట్టుకున్నావు గదా, బరువు తెలీలేదా?"

ఓబమ్మ వేలు ముంచింది. తీసింది. వేలి కొసన నీటిబొట్టు ఒకటి నిలబడి, వెలుతురు పట్టుకుని, జారి పడింది. ఆమె మళ్ళీ ముంచింది. మళ్ళీ చూసింది.

"ఇంత తేరతాండెనా?" అంది మెల్లగా. "ఇన్నేండ్లూ బాగుండాయత్తా, బాగుండాయత్తా అని మీరంతా అంటాంటే, గుడ్డిదాని మనసు నొప్పించకూడదని అంటాండారేమో అనుకొంటి."

ఆమె గ్లాసెత్తి గటగటా తాగింది. ఎప్పటి అలవాటో, అడుగున ఒక్క గుక్క మిగిల్చి, వసారా పక్కనున్న వేపమొక్క మొదట్లో ఒంపేసింది. చుక్క మన్ను లేదు అందులో. నీళ్ళు పారబోస్తావా అని ఈరన్న నోటిదాకా వచ్చింది. ఖాళీ గ్లాసు అందుకుని, మళ్ళీ ముంచుకు రావడానికి పెరటివైపు నడిచాడు.